రెండుసార్లు లాగితే

జనవరి 12

అన్నయ్యకు,

నువ్వు ఫోన్ చేస్తూనే ఉంటావు, నేను ఎత్తను. కోపం కాదు. ఫోన్లో మాట వచ్చి వెళ్ళిపోతుంది. నేను దాన్ని పట్టుకునేలోపు నువ్వు ఇంకోటి అనేస్తావు. కాగితం మీదైతే మాట కదలకుండా కూర్చుంటుంది. అందుకే రాస్తున్నాను, నువ్వూ రాయి.

ఉద్యోగం ఎలా ఉందని వదిన మెసేజ్ పెట్టింది. చెప్పు. ఆస్పత్రి కింది అంతస్తులోనే ఉన్నాను. పై నుంచి వచ్చిన ఆపరేషన్ పరికరాలు కడిగి, ట్రేలలో సర్ది, గుడ్డలో చుట్టి ఆవిరి యంత్రానికి ఇస్తాం. నాది నాలుగో టేబుల్. పెద్ద ట్రేలో నలభై రెండు పరికరాలుంటాయి. జాబితా గోడకు అతికించి ఉంటుంది, నేను దాన్ని చూడను. పదకొండేళ్ళలో నా టేబుల్ నుంచి వెళ్ళిన ట్రే ఒక్కటి కూడా తప్పుందని వెనక్కి రాలేదు. యంత్రం రోజంతా హుమ్మని మోగుతుంటుంది. ఆ మోత వింటూ సర్దుతుంటే మధ్యాహ్నం ఎప్పుడయిందో తెలియదు. పక్క టేబుల్ అక్క తనలో తను మాట్లాడుకుంటూ ఉంటుంది, నన్ను జవాబు అడగదు. అంతకంటే మంచి పొరుగు ఎవరికి దొరుకుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. పోయిన గురువారం ముగ్గురు కొత్తమ్మాయిలు పని నేర్చుకోవడానికి వచ్చారు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి నవ్వారు, అందులో ఒకమ్మాయి చేతిలోంచి ట్రే జారింది. నేను చెవులు మూసుకుని టేబుల్ కింద కూర్చున్నాను. నాలుగు నిమిషాలు. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, సగంలో ఉన్న ట్రే పూర్తి చేశాను. నా మటుకు అక్కడితో అయిపోయింది.

హెడ్ నర్సమ్మకు అవలేదు. "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అని మూడుసార్లు అడిగింది. మంచి మనిషి. రెండేళ్ళ కిందట డాక్టరు నాకు చెప్పిన ఆటిజం సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. ఎలా చెప్తే కంగారు పడకుండా వింటారో తెలియడం లేదు. మాటల్లో నువ్వు దిట్టవు. నువ్వైతే ఎలా చెప్తావు?

నీ చెల్లెలు


జనవరి 21

మా గడియారమ్మకు,

టేబుల్ కిందా! అదీ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ! నీ ఉత్తరం చదివి నా ప్రాణం విలవిల్లాడిపోయింది. మీ వదిన అన్నం పెట్టి పిలుస్తున్నా లేవకుండా, ఆ పూటే కూర్చుని మీ హెడ్ నర్సమ్మగారికి మూడు పేజీల ఉత్తరం రాసి పోస్టులో వేసి వచ్చాను. ఇక నీకే దిగులూ అక్కర్లేదు. నీ సంగతంతా వాళ్ళకు అర్థమయ్యేట్టు, గుండె కరిగేట్టు రాశాను. ఈ రెండేళ్ళలో నేను చదివిన పుస్తకాలు ఊరికే పోలేదులే.

నువ్వు సాయం కావాలని నోరు తెరిచి అడిగే మనిషివి కావు. కానీ నాకు తెలియదా? చిన్నప్పుడు చుట్టాలొస్తే నా వెనక నిలబడి చొక్కా చెయ్యి లాగేదానివి. నేను వెంటనే నీ తరఫున అందుకునేవాణ్ణి. అమ్మ నవ్వేది, "దీనికి నోరు నీ దగ్గర పెట్టి పుట్టించాడురా దేవుడు" అని. ఈ ఉత్తరం చదువుతుంటే అదే లాగుడు తెలిసింది.

ఇక్కడ డ్రైవింగ్ స్కూల్లో మామూలే. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నాలుగోసారి పరీక్ష తప్పారు. మా బళ్ళలో నేర్పేవాడి కాలి కిందా ఒక బ్రేకు ఉంటుంది కదా, ఆయన పుణ్యమా అని నా కుడికాలు కండ గట్టింది. సిగ్నల్ కనబడినా ఆ మహానుభావుడు పరధ్యానంగా వెళ్తూనే ఉంటాడు, నేనే ఆపాలి.

వదిన నిన్ను అడిగానని రాయమంది.

అన్నయ్య


ఫిబ్రవరి 5

అన్నయ్యకు,

నీ ఉత్తరం వాళ్ళకు అందింది. సోమవారం నన్ను గుడ్డల గదికి మార్చారు.

గది వివరాలు రాస్తాను. పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఏడు. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు ఉంది, అది సెకనుకు రెండుసార్లు సన్నగా వణుకుతుంది. మిగతావాళ్ళకు కనబడదట. మూడు గోడలకు అరలు, అరల నిండా ట్రేలు చుట్టే ఆకుపచ్చ గుడ్డలు. వాటిని నాలుగు మడతలు వేసి దొంతర్లు పెట్టడం నా పని. తలుపు బయట ఒక కాగితం అంటించారు. "నిశ్శబ్దం పాటించండి. తలుపు తట్టవద్దు." ఎవరూ తట్టడం లేదు.

ఆవిరి యంత్రం మోత ఇక్కడికి వినబడదు. నిన్న మొదటిసారి నాకు మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని గడియారం చూడాల్సి వచ్చింది. పదిహేడుసార్లు చూశాను.

అందరూ నాతో మెల్లగా, మాటమాటకూ ఆగుతూ మాట్లాడుతున్నారు. కొత్తమ్మాయిలు నేను ఎదురైతే గోడవారకు తప్పుకుంటున్నారు. నాకు మళ్ళీ ట్రేల పని కావాలని హెడ్ నర్సమ్మకు చెప్పాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "నాకు తెలుసమ్మా" అంది. ఏం తెలుసో చెప్పలేదు. మళ్ళీ గుడ్డల గది తలుపు దాకా దిగబెట్టి, తనే తలుపు వేసి వెళ్ళింది.

నువ్వు ఏం రాశావు?

నీ చెల్లెలు


ఫిబ్రవరి 14

గడియారమ్మా,

నీ ఉత్తరం చూసి ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. ఒక్క ఉత్తరానికి నీకోసం ప్రత్యేకంగా గదే కేటాయించారంటే వాళ్ళు ఎంత మంచివాళ్ళు! మా స్కూలు యజమానికి నడుం నొప్పని చెప్తే సీటు కింద దిండు కూడా వెయ్యడు. నిశ్శబ్దంగా ఉంది, ఎవరూ విసిగించరు, నీ పని నీది. ఇంతకంటే ఏం కావాలి?

ట్రేల మీద మనసు లాగుతోందంటే అర్థం చేసుకోగలను. నీలాంటివాళ్ళకు ఏ మార్పైనా మొదట్లో కష్టంగానే ఉంటుందని పుస్తకంలో ఉంది. బడి మారినప్పుడు నువ్వు నెల్లాళ్ళు అన్నం సరిగ్గా తిన్లేదు, గుర్తుందా? తర్వాత ఆ బడి వదలనంటే వదలనన్నావు. ఇదీ అంతే. ఒక్క నెల ఓపిక పట్టు.

ఆ ట్యూబులైటు మాత్రం మార్చమని నేనే ఇంకో ఉత్తరం రాయనా? వదిన మాత్రం నా మీద కారాలూ మిరియాలూ నూరుతోంది. "ఆ పిల్ల దారి అడిగితే నువ్వు భుజానేసుకుని తీసుకెళ్ళావు" అంటోంది. ఆడపడుచు మీద ఇంత ప్రేమ ఎప్పణ్ణుంచో మరి!

మాస్టారు ఐదోసారి పరీక్షకు దరఖాస్తు పెట్టారు. నా కాలు సిద్ధంగా ఉంది.

అన్నయ్య


మార్చి 3

అన్నయ్యకు,

ఇంకో ఉత్తరం రాయొద్దు. ముందు ఇది పూర్తిగా చదువు.

నువ్వేం రాశావో నువ్వు చెప్పలేదు కాబట్టి హెడ్ నర్సమ్మను అడిగాను. ఆవిడ బీరువాలోంచి తీసి ఇచ్చింది. మూడు పేజీలూ నిలబడే చదివాను.

చాలా బాగా రాశావు. నేనెవరో తెలియకపోతే నాకూ ఏడుపొచ్చేది. శబ్దం పడదు, కుక్క మొరిగినా చెవులు మూసుకుంటుంది, సామెతలూ వేళాకోళాలూ తలకెక్కవు, కొత్త మనిషిని చూస్తే బెదురుతుంది అని రాశావు. సామెతలు నాకు రావని ఎవరన్నారు? అమ్మ తర్వాత మన ఇంట్లో నాకొచ్చినన్ని ఎవరికీ రావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ నేను వినేదాన్ని కూడా కాను, ఎవరి గురించి చెప్పుకుంటున్నారో ఆ మనిషిని.

నువ్వు రాసింది ఆరేళ్ళ పిల్ల గురించి. ఆ పిల్ల ఈ ఆస్పత్రిలో ఉద్యోగం చెయ్యడం లేదు.

అదైనా సర్దుకునేదాన్ని. మూడో పేజీ చివర ఒక వాక్యం ఉంది. "తనకు ఎంత కష్టంగా ఉన్నా బాగానే ఉన్నానంటుంది, దయచేసి ఆ మాట నమ్మకండి." నువ్వు ప్రేమతోనే రాసుంటావు. ఆ వాక్యం ఏం చేసిందో చూడు. టేబుల్ దగ్గర నేను బాగానే ఉంటాను, వెనక్కి పంపించండి అని హెడ్ నర్సమ్మను ఇప్పటికి ఐదుసార్లు అడిగాను. ఆవిడ ప్రతిసారీ జాలిగా తలాడిస్తుంది. బాగుంటానంటే బాగుండననే అర్థం. ఈ గదిలో బాగాలేదంటే, పాపం ఎక్కడా బాగుండదు అని అర్థం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. నా దగ్గర ఇక మూడో మాట లేదు. నా నోటికి తాళం వేసి తాళంచెవి వాళ్ళ బీరువాలో పెట్టావు.

"మీ అన్నయ్యగారు ఇంతగా రాశాక, రేపు ఏమన్నా అయితే నేనేం జవాబు చెప్పను? ఆయన్నే మళ్ళీ రాయమను" అంటోంది. మార్చి ముప్ఫై ఒకటి తర్వాత నాలుగో టేబుల్ కొత్తమ్మాయిల్లో ఒకరి పేర శాశ్వతంగా రాసేస్తారు. నన్ను రిటైరయ్యేదాకా ఈ గదిలో వేస్తారు. ఇంకా పంతొమ్మిదేళ్ళు.

నువ్వు రాసింది తప్పని రాయి. అంతే అడుగుతున్నాను. ఇది అలవాటయ్యే బాధ కాదు. పొద్దున్న ఆ తలుపు మూసుకోగానే ఊపిరి చాలడం లేదు.

నీ చెల్లెలు


మార్చి 10

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మంచికి పోతే చెడు ఎదురైందంటారు, నా బతుకలా అయింది. ఎవరికోసం రాశాను నేను? నీకోసం కాదూ? పుస్తకాలు తిరగేసి, ఒక్కో మాటా ఏరి రాస్తే తాళం వేశానంటావా!

సరే, కోపంలో ఉన్నావు. కోపంలో మనిషి పది అంటుంది. నీకు నిజంగా ఏది మంచిదో ఇప్పుడు నీకే తోచదు. రెండు రోజులు సెలవు పెట్టి నేనే వస్తాను. హెడ్ నర్సమ్మగారితో ఎదురుగా కూర్చుని అన్నీ మాట్లాడతాను. నువ్వు పక్కన కూర్చో చాలు, నోరు విప్పక్కర్లేదు. ఇరవయ్యో తేదీకి టికెట్ చూస్తున్నాను.

అప్పటిదాకా మనసు పాడుచేసుకోకు. వేళకు తిను.

అన్నయ్య


మార్చి 14

అన్నయ్యా,

రావద్దు.

నువ్వొచ్చి మాట్లాడితే నాలుగో పేజీ అవుతుంది.

కుక్క గురించి రాశావు కదా, దాని సంగతి చెప్తాను. ఎదురింటి కుక్క, గోధుమరంగుది, ఎడమ చెవి మడతపడి ఉండేది. రోజూ బడినుంచి వచ్చాక గేటు సందులోంచి నా చెయ్యి వాసన చూసేది. ఒకరోజు మన వీధి పిల్లలంతా అక్కడ చేరారు. అందరూ ఒకేసారి అరిచి గంతులు వేశారు, కుక్క కూడా మొరిగింది. నేను చెవులు మూసుకున్నాను. కుక్కకు కాదు, మీ అందరికీ. ఎదురింటాయన బయటికొచ్చి ఏమైందన్నాడు. నేను నీ చొక్కా చెయ్యి లాగాను. "మా చెల్లికి మీ కుక్కంటే భయమండీ" అన్నావు నువ్వు. గట్టిగా, మంచి అన్నయ్యలా. అప్పుడు నేను రెండుసార్లు లాగాను.

ఒకసారి లాగితే మాట్లాడు. రెండుసార్లు లాగితే ఆపు. మనమే పెట్టుకున్న గుర్తు, అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని. నీకు మొదటిదే గుర్తుంది. ఆ రోజు కూడా అంతే. నువ్వు ఇంకా గట్టిగా చెప్పావు. రాత్రిళ్ళు కూడా ఉలిక్కిపడుతుందని చెప్పావు. అది నిజం కూడా కాదు.

ఆయన మంచివాడు. వారం తిరక్కుండా కుక్కను ఎవరికో ఇచ్చేశాడు. "ఇంక భయం లేదమ్మా" అని నాకు బిస్కెట్ పెట్టాడు. తిన్నాను. ఏం చెయ్యను? అందరూ నా మేలు కోరి చేశారు, ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

నాకు ఆ కుక్క అంటే ఇష్టం అన్నయ్యా. ముప్ఫై మూడేళ్ళకు ఇప్పుడు చెప్తున్నాను.

ఇప్పుడు నా చేతికి నీ చొక్కా అందదు. అందుకని రాస్తున్నాను. ఒకటి. రెండు.

చెల్లెలు


మార్చి 21

చెల్లాయికి,

టికెట్ తీసుకోలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకేం చెయ్యాలో తోచలేదు. వదినకు చదివి వినిపించబోయి కుక్క దగ్గర ఆపేశాను. తనే తీసుకుని చదువుకుంది. మడిచి నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

ఆ కుక్క నాకు గుర్తుంది. దాన్ని పంపించేశాక నేను వీధిలో ఛాతీ విరుచుకు తిరిగాను, చెల్లెలి భయం పోగొట్టానని. ఇన్నేళ్ళుగా నలుగురిలో చెప్పుకున్న కథ కూడా అదే. పెళ్ళిచూపుల్లో మీ వదినకు కూడా చెప్పాను. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు, మాటల్లో దిట్టనన్నావు కానీ.

నిన్న మాస్టారితో బండెక్కాను. కాళ్ళు రెండూ వెనక్కి ముడుచుకుని కూర్చున్నాను. నాకు ముచ్చెమటలు పోశాయి. చౌరస్తా దగ్గర ఎర్రలైటు పడింది. ఆయన తనంతట తనే ఆపారు, గీతకు జానెడు ఇవతల. "ఇన్నాళ్ళూ ఎందుకు ఆపలేదు మాస్టారూ?" అన్నాను. "నేను తొక్కేలోపే ఆగిపోయేదయ్యా. ఇది ఇలాగే ఆగుతుంది కాబోలు అనుకున్నాను" అన్నారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని పట్టుకుని పరధ్యానం అన్నాను నేను.

దీంతోపాటు హెడ్ నర్సమ్మగారికి ఒక కాగితం పెట్టాను. ఇలా ఉంటుంది:

"అమ్మా, జనవరిలో నేను రాసినవి నా చెల్లెలి చిన్నప్పటి సంగతులు. వాటిని అప్పట్లోనే తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆవిణ్ణి అడక్కుండా రాశాను. తన మాట నమ్మవద్దని రాయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆవిడ గురించి ఆవిడే చెప్తుంది. చెప్పింది చెప్పినట్టే తీసుకోండి."

కింద సగం పేజీ ఖాళీగా వదిలాను. అది నీది. కవరు అంటించలేదు. బాగుంటే ఇవ్వు, లేకపోతే చింపెయ్యి. నేను ఆస్పత్రికి విడిగా ఏమీ పంపలేదు.

అన్నయ్య


ఏప్రిల్ 2

అన్నయ్యకు,

చింపలేదు. సగం పేజీ నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ఇలా రాశాను:

"నాకు ఆటిజం ఉంది. ముగ్గురు ఒకేసారి మాట్లాడితే నాకు ఒక్కరి మాట కూడా అందదు. అప్పుడు నాకు నాలుగు నిమిషాలు కావాలి, తర్వాత మామూలే. యంత్రం మోత నాకు ఇష్టం. నవ్వడం, పలకరించడం నాకు ఆలస్యంగా వస్తాయి, కానీ వస్తాయి. ఏదన్నా ఇబ్బందైతే నోటితో చెప్తాను. చెప్పకపోతే ఇబ్బంది లేనట్టే."

జనవరిలో నేను నిన్ను అడిగింది ఇదే. చూశావా, ఇంతే ఉంది.

హెడ్ నర్సమ్మ రెండుసార్లు చదివింది. "ఇది నువ్వే రాశావా?" అంది. నేనే అన్నాను. "నిజంగా ఆ టేబుల్ దగ్గర బాగుంటావా?" అంది. ఉంటానన్నాను. ఈసారి తలాడించలేదు. కానీ అప్పటికే నాలుగో టేబుల్ పత్రాలు పైకి వెళ్ళిపోయాయట. ఖాళీ ఏర్పడినప్పుడు చూద్దాం అంది. ఎప్పుడు ఏర్పడుతుందో ఆవిడకు తెలియదు. కాబట్టి నేను ఇంకా గుడ్డల గదిలోనే ఉన్నాను. నువ్వు సంతోషపడతావని వేరేలా రాయలేను.

తలుపు మీది కాగితం మాత్రం నిన్న పొద్దున్న నేనే పీకేశాను. ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. రెండు నెలల్లో మొదటిసారి. నేను గడియారం చూశాను, రెండూ పది. పక్క టేబుల్ అక్క, చేతిలో పెద్ద ట్రే. నాలుగో టేబుల్‌ది ఆపరేషన్ థియేటర్ నుంచి వెనక్కి వచ్చిందట. "నలభై రెండూ ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాం. ఇంకా తప్పే అంటున్నారు. ఓసారి చూడవే తల్లీ" అంది. ఆవిడ వెనక కొత్తమ్మాయిలు ముగ్గురూ నిలబడ్డారు. ముగ్గురూ ఒకేసారి నోరు తెరిచారు. అంతలో ట్రే జారవిడిచిన అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్కొక్కళ్ళం" అంది. ఒక్కొక్కరుగా చెప్పారు. మూడు మాటలూ నాకు అందాయి.

తప్పు కనబడింది. వంపు కత్తెరలు రెండు పెట్టి, నిటారు కత్తెర మానేశారు. లెక్క సరిపోతుంది, ట్రే సరిపోదు. నేను చూపిస్తుంటే హెడ్ నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చూసి వెళ్ళిపోయింది. ఆవిడ మనసులో ఏముందో నాకు తెలియదు, తెలుసని రాయను.

మాస్టారికి చెప్పు, ఎర్రలైటు దగ్గర జానెడు ఇవతల ఆపడం చాలా బాగుంది. నువ్వూ ఆగావు. ఆలస్యంగా, ముప్ఫై మూడేళ్ళకు. అయినా ఆగావు కాబట్టి రాస్తున్నాను. వచ్చే ఉత్తరంలో నన్నేమన్నా అడుగు. నేను బాగానే ఉన్నానంటే నమ్ము. లేనంటే అదీ నమ్ము.

ఇంకొకటి. నిన్న వాళ్ళు ట్రే తీసుకుని వెళ్ళిపోయారు. అక్క చివరగా బయటికి నడుస్తూ, అలవాటుగా తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"మూసెయ్యనా?" అంది.

వద్దన్నాను. మూయలేదు.

నీ చెల్లెలు